ఫ్లెక్సీకి లేని సిగ్గు పాఠానికెందుకు?

‘ఏడుకొండలవాడి పాదాల చెంత ఇవేం పాఠాలు?’ అన్న ప్రశ్న మళ్లీ వినబడుతోంది. లైంగిక విద్యను తొమ్మిదో తరగతి దాకా ఆపకుండా చిన్న వయసు నుంచే పాఠ్యప్రణాళికలో చేర్చాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్నది మొదలు, తిరుపతిలోనూ చిత్తూరులోనూ సంస్కృతి రక్షకుల గొంతు పెరిగింది. జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇంట్లో చదువుకోండి’ అని పేజీలు తిప్పేసే ఉపాధ్యాయులకు అండ దొరికింది. కౌమార ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పడానికి వచ్చే ఆరోగ్య సిబ్బందిని ‘ఐరన్ మాత్రలిచ్చి వెళ్లండి, మిగతావి మాకొద్దు’ అని గుమ్మంలోనే ఆపే యాజమాన్యాలకు సాకు దొరికింది. ఇది పుణ్యక్షేత్రమట, ఇక్కడ అలాంటివి మాట్లాడకూడదట.

తల్లిదండ్రుల భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. శిక్షణ లేని ఉపాధ్యాయుడు తరగతిలో ఏం మాట్లాడతాడో, పిల్లలు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారో అన్న బెంగ సహజమే. దానికి మందు ఉపాధ్యాయుడికి శిక్షణ ఇవ్వడం. పాఠం ఎత్తివేయడం కాదు. ఆ చర్చ అంతటితో సరి. అసలు ఈ పత్రికకు ఒళ్లు మండించేది వేరొకటి ఉంది. ఈ విషయాలు మాట్లాడరాదని శాసిస్తున్న సమాజమే పొద్దస్తమానం వీటి గురించి మాట్లాడుతోంది. పిల్లలకు పనికివచ్చే మాట ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడుతోంది.

తిరుపతి, చిత్తూరు, పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, ఏ ఊరి కూడలిలోనైనా నిలబడి చూడండి. పన్నెండేళ్ల పిల్ల ఫొటో నిలువెత్తు ఫ్లెక్సీ మీద కనిపిస్తుంది. పైన ‘పుష్పవతి మహోత్సవం’ అని బంగారు అక్షరాలు. చుట్టూ మేనమామలు, వార్డు నాయకులు, వారిపై స్థాయి నాయకులు చేతులు జోడించి చిరునవ్వులు చిందిస్తుంటారు. ఒక ఆడపిల్లకు తొలిసారి నెలసరి వచ్చిన సంగతి బస్సులో పోయే ప్రతివాడికీ తెలియాలి. డ్రోన్ కెమెరా, డీజే, పందిరి భోజనాలు, చదివింపుల చిట్టా, దేనికీ లోటుండదు. ఆ నొప్పి ఎంతవరకు మామూలు, ఎన్ని రోజులు రక్తం పోతే డాక్టరుకు చూపించాలి, నెల తప్పితే దాని అర్థమేమిటి అన్నవి మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పరు. బడిలో చెప్పబోతే సిగ్గు అడ్డం వస్తుంది. మందుల దుకాణంలో శానిటరీ ప్యాడ్లను కాగితంలో చుట్టి, ఆపైన నల్ల కవరులో వేసి ఇస్తారు. (ఆ చుట్టేది తరచూ పత్రికల కాగితమే కనుక ఈ సిగ్గుకు మావంతు సేవ కూడా అందుతున్నట్టే.) ఏడు నుంచి పన్నెండో తరగతి వరకు ఆడపిల్లలకు నెలకు పది చొప్పున నాప్కిన్లు ఉచితంగా ఇచ్చే ‘స్వేచ్ఛ’ కార్యక్రమాన్ని రాష్ట్రం 2021 అక్టోబరులో మొదలుపెట్టింది. మంచి పనే. కానీ వస్తువు ఇచ్చి దాని వెనుక శరీరం గురించి నోరు మూసుకుంటే అది ఆరోగ్య విధానం ఎలా అవుతుంది? సరుకుల పంపిణీ అవుతుంది.

సంస్కృతి అంటారా? మన ఊరి సంస్కృతినే తీసుకుందాం. ఏటా మే నెల వచ్చేసరికి తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరతో ఊగిపోతుంది. ఆ జాతర కథ ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగినవారికి వేరే చెప్పనక్కర లేదు. ఆడపిల్లల మానాన్ని చెరుస్తూ వచ్చిన పాళెగాడిని గంగమ్మ తల్లి వెంటాడింది. వాడు దాక్కుంటే వేషం మీద వేషం వేసుకుని వెతికింది. దొర వేషంలో వాడిని బయటికి రప్పించి తల నరికింది. మర్నాడు మాతంగి వేషంలో వాడి భార్యనే ఓదార్చింది. లైంగిక దాడి, అధికార మదం, బాధితుల పక్షాన నిలవడం, నేరస్థుడి కుటుంబం పట్ల సైతం దయ, అన్నీ ఆ కథలో ఉన్నాయి. ఆ వారమంతా మగవాళ్లు చీరలు కట్టి, పూలు ముడిచి, గంగమ్మకు మొక్కు తీర్చుకుంటారు. బండ వేషంవాళ్లు నోటికి వచ్చిన బూతులు తిడితే పెద్దలు, పిల్లలు, ఆడా మగా తేడా లేకుండా వీధిలో నిలబడి వింటారు, దాన్ని దీవెనగా తీసుకుంటారు. అమ్మవారి ముందు చెల్లిన మాటలు అవి. మా పూర్వీకులకు దేహమంటే ఇంత బెదురు లేదు, చెరిచేవాడి పేరెత్తడానికి సంకోచం అంతకంటే లేదు. అదే ఊళ్లో, అదే వీధిలో ఉన్న బడిలో ‘నీ ఒంటిమీద ఎవరైనా చెయ్యి వేస్తే కేకపెట్టు, ఇంటికి వచ్చి చెప్పు’ అని ఆరో తరగతి పిల్లకు చెప్పడం సంస్కృతికి విరుద్ధమని వాదించేవారిని ఏమనాలి? వారికి ఈ ఊరి సంస్కృతి తెలియదనుకోవాలి, లేదా తెలిసీ నటిస్తున్నారనుకోవాలి.

‘పెళ్లయ్యాక వాళ్లకే తెలుస్తుంది’ అన్నది ఇంకో వాదం. 2007లో కౌమార విద్య కార్యక్రమంపై దేశమంతటా దుమారం రేగి పలు రాష్ట్రాలు దాన్ని నిలిపివేసినప్పుడు కూడా ఇదే మాట వినిపించింది. ఆ తర్వాత మన పొరుగున నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో నివేదిక ఇచ్చింది. బడుల్లో లైంగిక విద్య వద్దన్నది, పెళ్లికి ముందు లైంగిక సంబంధం అనైతికమని పిల్లలకు నేర్పాలన్నది దాని సారాంశం. సరే, పెళ్లి వరకు ఆగుదాం. ఆ పెళ్లి ఎప్పుడు జరుగుతోంది? 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయింది. దేశ సగటు 23.3 శాతం. 15-19 ఏళ్ల మధ్య ఉన్న ఆడపిల్లల్లో సర్వే నాటికే తల్లులైనవారు, గర్భిణులు కలిపి 12.6 శాతం. దేశ సగటు 6.8 మాత్రమే. అంతకుముందు సర్వేలో మన రాష్ట్రపు అంకె 11.8. అంటే తగ్గాల్సింది పెరిగింది. పదో తరగతి పరీక్ష రాసి, ఫలితాలు వచ్చేలోపు మెడలో పసుపుతాడు పడే పిల్లకు ‘పెళ్లయ్యాక తెలుస్తుంది’ అన్న మాటకు అర్థమేమిటి? ఏమీ తెలియకుండా గర్భం మొయ్యమని అర్థం. రక్తహీనతతో ప్రసవ గదిలోకి వెళ్లమని అర్థం. ఈ రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తం చాలదని అదే సర్వే చెబుతోంది. పదహారేళ్ల పిల్ల పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి, విందు ఆరగించి వచ్చిన పెద్దమనిషి మర్నాడు లైంగిక విద్య పిల్లలను చెడగొడుతుందని ఉపన్యాసం ఇస్తాడు. ఆయనకు బాల్యవివాహ నిషేధ చట్టం గుర్తుకు రాదు, సంస్కృతి గుర్తుకు వస్తుంది.

ప్రభుత్వానికి కూడా ఈ ద్వంద్వనీతిలో పెద్ద వాటాయే ఉంది. నారావారిపల్లెలో పుట్టి, కుప్పం నుంచి గెలుస్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఎక్కువమంది పిల్లలను కనండని బహిరంగ సభల్లో పదేపదే పిలుపునిస్తున్నారు. ఇద్దరికి మించి సంతానం ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తివేసింది. జననాల రేటు పడిపోతోందన్న ఆందోళనలో నిజముంది. రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలేనని సర్వే తేల్చింది. దానిమీద మాకు పేచీ లేదు. కానీ దంపతుల పడకగది గురించి మైకులో మాట్లాడటానికి వెరవని ప్రభుత్వం, అదే విషయం తరగతి గదిలో శాస్త్రీయంగా చెప్పించడానికి ఎందుకు నీళ్లు నములుతోంది? నిన్నటిదాకా ‘ఇద్దరు చాలు’ అని గోడల మీద రాయించిందీ ప్రభుత్వాలే. ఆ ప్రచారం ఫలితంగా ఈ రాష్ట్రంలో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. చాలామందికి అప్పటికి పాతికేళ్లు కూడా దాటలేదు. ఆ ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. కనమన్నా ఆమే, ఆపమన్నా ఆమే. తన శరీరంలో ఏం జరుగుతుందో, ఎన్ని మార్గాలున్నాయో ఆమెకు చెప్పిందెవరు? బడి చెప్పలేదు, ఇల్లు చెప్పలేదు. ఆపరేషన్ బల్ల మీదే ఆమె తొలి పాఠం.

ఇంకా దారుణమైన సంగతి పిల్లల భద్రత. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులకు గురయ్యామని చెప్పారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల్లో మగపిల్లలు సగానికి పైనే. వేధించినవారిలో సగంమంది పిల్లలకు తెలిసినవారు, నమ్మినవారు. ఈ పిల్లల్లో ఎక్కువమంది ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతారు? అవయవాల పేర్లు పలకడమే తప్పని నేర్పిన ఇంట్లో పిల్లవాడు ఏ మాటలతో ఫిర్యాదు చేయాలి? కడుపునొప్పి అని ఆసుపత్రికి తీసుకొచ్చిన పిల్లకు స్కానింగ్ చేస్తే నెలలు నిండుతున్న గర్భం బయటపడటం ఏ ప్రసూతి వైద్యురాలిని అడిగినా చెప్పే సంగతే. 2021లో సవరించిన చట్టం మైనర్లకు 24 వారాల వరకు గర్భస్రావానికి వీలిచ్చింది. తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియని పిల్ల ఆ గడువు ఎప్పుడు దాటిందో కూడా ఎరగదు. ఆ తర్వాత కోర్టు గడప తొక్కాలి. అప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ ఆమెనే అడుగుతారు: ‘ముందే ఎందుకు చెప్పలేదు?’

మగపిల్లల సంగతి ఎవరికీ పట్టదు. పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయితో ఆమె ఇష్టపూర్వకంగానే లైంగిక సంబంధం పెట్టుకున్నా, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కింద అది నేరమన్న సంగతి పంతొమ్మిదేళ్ల కుర్రాడికి పోలీసు స్టేషన్‌లోనే మొదటిసారి తెలుస్తోంది. చేతిలో ఫోను ఉంది. అందులో రాత్రంతా ఏం చూస్తున్నాడో తండ్రికి తెలుసు, తెలియనట్టు ఉంటాడు. పిల్లలతో తీసిన అశ్లీల దృశ్యాలను చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. లైంగిక విద్య పాశ్చాత్య భావన అన్న అపోహను అదే తీర్పులో తప్పుబట్టింది. లైంగిక విద్య పిల్లలను తొందరపెట్టదని యునెస్కో పలు దేశాల అధ్యయనాలను పరిశీలించి చెప్పింది. ఇవేవీ మన సంస్కృతి రక్షకుల చెవికి ఎక్కవు. ఫోను ద్వారా పిల్లవాడికి అందుతున్న బోధన మీద వారికి అభ్యంతరం లేదు, ఉపాధ్యాయురాలి బోధన మీదే.

నిజానికి ఇందులో కొత్తగా ప్రవేశపెట్టాల్సింది పెద్దగా లేదు. కౌమార ఆరోగ్యం కోసం కేంద్రం 2014 జనవరిలోనే ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమానికి పాఠ్యాంశాలు విడుదల చేసింది. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ, వారానికో గంట, పదకొండు అంశాలు. పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ, హింస నుంచి భద్రత, ఇంటర్నెట్ వాడకంలో జాగ్రత్త అన్నీ అందులో ఉన్నాయి. హెచ్‌ఐవీ వ్యాప్తి రేటు జాతీయ సగటుకు సుమారు మూడు రెట్లు ఉన్న రాష్ట్రం మనది. మరి తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఎన్ని బడుల్లో ఆ గంట నిజంగా జరుగుతోంది? జిల్లా విద్యాశాఖాధికారులు బడివారీగా ఆ జాబితా బయటపెట్టాలి. ర్యాంకుల కోసం తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి వరకు పిల్లలను రుద్దే ప్రైవేటు విద్యాసంస్థలకు కూడా ఇది వర్తింపజేయాలి. ప్రత్యుత్పత్తి పాఠాన్ని దాటవేయవద్దని ఒక్క ఉత్తర్వు చాలు. దానికి డబ్బు కూడా అక్కర్లేదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఎస్వీ వైద్య కళాశాల ఉన్న ఊళ్లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చేవారు దొరకరంటే ఎవరూ నమ్మరు. వేధింపు జరిగిందని తెలిసీ దాచిన సంస్థాధిపతికి పోక్సో చట్టం ఏడాది వరకు జైలుశిక్ష విధించవచ్చంటోంది. ‘స్కూలు పరువు’ పేరుతో తల్లిదండ్రుల నోరు మూయించే యాజమాన్యాలు ఆ సెక్షన్‌ను ఒకసారి చదువుకోవడం మంచిది.

ప్రజాప్రతినిధులారా, ఓట్లు పోతాయని మీరు ఈ విషయంలో మౌనంగా ఉన్నారని అందరికీ తెలుసు. పెద్దమనిషైన ప్రతి పిల్ల ఫ్లెక్సీ మీదా మీ ఫొటో ఉండాలి, ఆ పిల్ల పదహారో ఏట జరిగే పెళ్లిలో ముందు వరుస కుర్చీ మీకు ఉండాలి. ఆమెకు తన ఒంటి గురించి నాలుగు నిజాలు చెప్పే ఉపాధ్యాయురాలి మీద మూక దాడికి వచ్చినప్పుడు మాత్రం మీ ఫోను కలవదు. ఇక ఆ మూకలోని తండ్రులకు మా ప్రశ్న ఒక్కటే: బడిలో వద్దన్నారు, ఒప్పుకున్నాం. మీ ఇంట్లో, మీ నోటితో, మీ కూతురికీ కొడుక్కీ ఇప్పటిదాకా ఏం చెప్పారు?