ఫారం ఏఐ గారికి, ఒక తొక్కు సీసా తరఫున

మహారాజశ్రీ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఉరఫ్ ఫారం ఏఐ గారి దివ్య సముఖానికి,

చర్లపల్లిలో పచ్చళ్ల యూనిట్ నడుపుకునే ఇల్లాలు నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ మంగళవారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదున్నర దాకా మీ గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్నదాన్ని, ఆ అబద్ధం రాయలేను. మీరు మాత్రం క్షేమం. ఏసీ గదిలో, సర్వర్ లోపల, 'పెండింగ్' అనే దుప్పటి ముసుగు తన్ని పడుకున్నారు.

మీ పేరు వినగానే మా మరిది, "వదినా, గవర్నమెంటు కూడా ఏఐ పెట్టేసిందా!" అని సంబరపడ్డాడు. కాదయ్యా, ఏఐ అంటే ఆసియాన్-ఇండియా, ఆగ్నేయాసియా దేశాల కూటమి అయిన ఆసియాన్‌కీ మనకీ మధ్య 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఒప్పందం తాలూకు కాగితం అని చెప్పాను. ఒక పూట మీతో గడిపాక ఇక ఎవరికీ ఆ అనుమానం రాదు లెండి. తెలివి జాడే లేదు.

నేనడిగింది ఎంత? మలేసియాకు రెండొందల పెట్టెల మామిడికాయ తొక్కు పోవాలి. అది ఇండియాలో పుట్టిందని మీరొక్క మాట అంటే అక్కడ డ్యూటీలో రాయితీ. దానికి మీ లెక్క, సరుకు విలువలో కనీసం 35 శాతం ఒప్పందంలోని దేశాలదే అయి ఉండాలి, ముడిసరుకు కోడ్ ఒకటీ తయారైన సరుకు కోడ్ ఇంకొకటీ కావాలి. 35 అంటే పదో తరగతి పాసు మార్కులే కదా అని ధైర్యంగా వచ్చాను. కాయ నూజివీడుది. కారం వరంగల్ చపాటా మిర్చిది. పల్లి నూనె మహబూబ్‌నగర్ గానుగది. పెళ్లి సంబంధాలకైనా ఇంత నికార్సైన వంశం దొరకదు.

అయినా తప్పాను. 2001 దగ్గర తప్పాను. అది సంవత్సరం కాదు, హెచ్‌ఎస్ కోడ్, అంటే ఏ సరుకు ఏ రకమో చెప్పడానికి ప్రపంచమంతా వాడే నంబరు.

"మేడమ్, క్వెరీ పడింది," అన్నాడు మా ఏజెంటు. 2001 అంటే వెనిగర్‌లో నిల్వ చేసిన పళ్లు, కూరగాయలు. మీ తయారీ కాగితంలో వెనిగర్ ఏదీ అని అడుగుతున్నారట. అక్కణ్నుంచే మా అత్తమ్మకు ఫోన్ చేశాను. నలభై ఏళ్లుగా జాడీలు నింపుతున్న మనిషి.

"సిర్కానా బిడ్డా? మన తొక్కుల సిర్కా ఎవరేస్తరు? నూనెకు పీనాసితనం చేసేటోళ్లు ఏస్తరేమో గానీ."

ఈ సాక్ష్యం అప్‌లోడ్ చేయడానికి మీ దగ్గర గడి లేదు. పోనీ, వేరే పద్ధతిలో నిల్వ చేసిన పళ్లని 2008లోకి మారదామంటే, ఇన్‌వాయిస్ మారాలి, ప్యాకింగ్ లిస్టు మారాలి, షిప్పింగ్ బిల్లు మారాలి. అవతల మలేసియాలో కొనుక్కునే ఆయన కాగితాలూ మారాలి. ఇక్కడేమో సనత్‌నగర్ డిపోలో కంటైనర్ కట్ ఆఫ్ టైము ముంచుకొస్తోంది. సముద్రం లేని ఊరు మాది. ఓడ నాకోసం ఆగదు. అంటే ఏమిటండీ, వెయ్యని వెనిగర్ వేశానని రాస్తే పాసు, నిజం రాస్తే ఫెయిలు! ఇంతలో కౌంటర్‌లో అబ్బాయి టీకి లేచాడు. సర్వర్ కూడా అతనితోపాటే లేచింది.

ఆ మూడున్నర గంటల్లో గోడవైపు చూస్తూ పెద్ద పెద్ద విషయాలు ఆలోచించాను. ఆర్‌సెప్ అని, ఆసియాన్‌తో పాటు చైనా, జపాన్, న్యూజిలాండ్ లాంటి దేశాలున్న పెద్ద వాణిజ్య కూటమి. అందులో ఇండియా ఉండాల్సిందని 2024 నవంబరులో నీతి ఆయోగ్ సీఈఓ బీవీఆర్ సుబ్రహ్మణ్యం అన్నారు. మళ్లీ అదే చర్చ, దేశం సిద్ధమా కాదా అని. 2017 జులైలో ఆ కూటమి 19వ విడత చర్చలు మా హైదరాబాద్‌లోనే జరిగాయి. పదహారు దేశాల వాళ్లు వచ్చారు. బిర్యానీ తినకుండా వెళ్లి ఉంటారని నేననుకోను. ఏళ్ల తరబడి పంక్తిలో కూర్చున్న మనం 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో విస్తరి ముందు నుంచి లేచిపోయాం. గాంధీజీ చెప్పిన కొలమానమూ, తన అంతరాత్మా ఒప్పుకోలేదని ప్రధాని అన్నారు. మిగతా 15 దేశాలూ మరుసటి ఏడాది సంతకాలు పెట్టేసుకుని, 2022 నుంచి భోంచేస్తున్నాయి.

లేచినందుకు నాకు గొడవ లేదు. న్యూజిలాండ్ పాలు మన పాడి రైతును ముంచుతాయన్న భయం వట్టిది కాదు. ఆసియాన్‌తో మన వాణిజ్య లోటు 2022-23లో 4,300 కోట్ల డాలర్లు దాటింది, అదీ నిజమే. లేచి ఇంటికొచ్చి ఏం వండుకున్నాం? నా గొడవల్లా అదే.

తూర్పు తిమోర్ అని 14 లక్షల జనాభా దేశం ఉంది. ఆసియాన్‌లో చేర్చుకోమని 2011లో అర్జీ పెట్టుకుంది. పద్నాలుగేళ్లు గుమ్మంలో నిలబెట్టి 2025 అక్టోబర్‌లో లోపలికి రానిచ్చారు. కానీ వాళ్లకి 2023లోనే, ఇవిగో ఇవి నేర్చుకోండి, ఇవి సర్దుకోండి అని ఒక పట్టిక రాసిచ్చారు. నాకెవరిచ్చారు పట్టిక? 2019 నుంచి ఇవాళ్టి దాకా చర్లపల్లి షెడ్డుకొచ్చి, అమ్మా నీ తొక్కు ఏ కోడ్, పరీక్ష ఎక్కడ చేయించాలి, ఈ ఫారం ఎట్లా నింపాలి అన్న మనిషి ఒక్కడు లేడు. కరెంటు బిల్లువాడు తప్ప ఎవడూ గేటు దాటలేదు! సిద్ధంగా లేమని సభలో చెప్పొచ్చి, సిద్ధం చేసే పని ఎవరికీ అప్పగించకుండా, నన్ను మాత్రం వెనిగర్ ఏదని నిలదీస్తారా?

క్షమించండి, గొంతు పెరిగింది. మీరు లేకపోతే చైనా సరుకు వియత్నాంలో చొక్కా మార్చుకుని దిగుతుందని నాకూ తెలుసు. ఇంకో మాట కూడా చెప్పాలి. మొదటిసారి మీరు మా పేరు మీద వచ్చినప్పుడు, పుట్టిన దేశం గడిలో 'ఇండియా' అని చూసి అత్తమ్మ జిరాక్స్ తీయించి, లామినేషన్ చేయించి దేవుడి గూట్లో పెట్టింది. శుక్రవారం శుక్రవారం మీకూ కాస్త పసుపు అంటుతోంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
వెనిగర్ వెయ్యని మనిషి

తా.క.: బుధవారం పొద్దున మెసేజ్ వచ్చింది. వెనిగర్ క్వెరీ తీసేశారు, సంతోషం. కొత్తది పడింది, సీసా మూత ఏ దేశానిది అని. మూతలెందుకు, జాడీలకు వాసెన కట్టి పంపుదామంటోంది అత్తమ్మ.