కొలవాల్సింది ఇంకా ఉంది

హిగ్స్ బోసాన్ అనే మౌలిక కణం దొరికిందని జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాల 2012 జులై 4న ప్రకటించింది. మరుసటి ఏడాది పీటర్ హిగ్స్, ఫ్రాన్స్వా ఆంగ్లేర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. దాంతో కథ ముగిసిందని చాలామంది అనుకున్నారు. అసలు పని అక్కడే మొదలైందని మన పాఠకులకు, ముఖ్యంగా ప్లస్ టూ చదివే పిల్లలున్న ఇళ్లకు చెప్పాలనిపిస్తోంది.

మౌలిక కణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో చెప్పే సిద్ధాంతం 1964 నాటిది. విశ్వమంతటా ఉండే హిగ్స్ క్షేత్రంతో ఏ కణానికి ఎంత గట్టి సంబంధం ఉంటే ఆ కణం అంత బరువు. ఆ క్షేత్రంలో లేచే అలలాంటిదే హిగ్స్ బోసాన్. బరువైన కణాల విషయంలో ఇది రుజువైంది. క్వార్కులనే మౌలిక కణాల్లో బరువైన టాప్, బాటమ్‌లతో హిగ్స్ సంబంధం 2018లో తేలింది. వాటికంటే తేలికైన మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌లాంటిదే, కానీ దానికన్నా బరువైన కణం) విషయంలో మొదటి ఆధారాలు 2020లో వచ్చాయి. సుమారు 5,000 హిగ్స్ కణాల్లో ఒక్కటే మ్యూయాన్ జంటగా విడిపోతుంది కాబట్టి అంత కాలం పట్టింది. ఇక మన ఒంట్లో ఉన్న ఎలక్ట్రాన్, అప్ క్వార్కు, డౌన్ క్వార్కుల సంగతి? వాటికీ హిగ్సే ద్రవ్యరాశి ఇస్తోందని ఇంతవరకూ ఏ ప్రయోగమూ చూపలేదు.

ఇంతకంటే పెద్ద ప్రశ్న హిగ్స్ తనతో తాను ఎలా ప్రవర్తిస్తుందన్నది. అది తెలియాలంటే ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు ఒకే ఢీలో రెండు హిగ్స్ కణాలు పుట్టాలి. ఒకటి పుట్టడమే అరుదు, రెండు కలిసి పుట్టడం దానికి వెయ్యి రెట్లు అరుదు. ఆ కొలత చేతికొస్తే, విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో ఈ క్షేత్రం ఎలా స్థిరపడిందో, ఇప్పుడున్న స్థితి శాశ్వతమో కాదో చెప్పడానికి దారి దొరుకుతుంది. పదార్థం మిగిలి, దానికి వ్యతిరేక ఆవేశాలున్న జోడీలాంటి ప్రతిపదార్థం ఎందుకు మాయమైందన్న చిక్కుముడికీ దీనికీ సంబంధం ఉండొచ్చు. భౌతికశాస్త్రంలో ఇప్పుడు ఇంతకన్నా లోతైన ప్రశ్నలు ఎక్కువ లేవని మా అభిప్రాయం.

సెర్న్‌లోని 27 కిలోమీటర్ల కొలైడర్‌ను (సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించే యంత్రాన్ని) ఇందుకోసమే బలోపేతం చేస్తున్నారు. ప్రణాళిక ప్రకారం 2030లో మొదలయ్యే కొత్త దశలో, తొలి ప్రణాళికలో అనుకున్నదానికి పది రెట్ల డేటా వస్తుంది. అన్నీ సవ్యంగా జరిగినా హిగ్స్ స్వీయ సంబంధాన్ని సుమారు 30 శాతం అనిశ్చితితోనే కొలవగలమని అంచనా. ఆ డేటాను విశ్లేషించాల్సినవాళ్లు ఇవాళ మన బడుల్లో ఉన్నారు.

ఇందులో మనం పరాయివాళ్లం కాదు. ఆ సొరంగంలో అయస్కాంతాలను అమర్చిన జాకీలు మన దేశంలో తయారైనవే. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం కాబట్టి మనవాళ్లు అక్కడ ఉద్యోగాలకు, మన కంపెనీలు టెండర్లకు పోటీ పడొచ్చు. హిగ్స్‌ను కనిపెట్టిన రెండు ప్రయోగాల్లో ఒకటైన సీఎంఎస్‌లో ఐఐటీ మద్రాస్ భాగస్వామి. చెన్నై తరమణిలోని గణిత విజ్ఞాన సంస్థలో కణ భౌతికశాస్త్రం మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది.

ఆ సంస్థ పుట్టుకను చెన్నై తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాలి. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడు రామకృష్ణన్, మైలాపూర్‌లోని తమ ఇంట్లోనే కుర్రవాళ్లను కూర్చోబెట్టి భౌతికశాస్త్ర సెమినార్లు నడిపారు. 1960లో నోబెల్ గ్రహీత, డెన్మార్క్ భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ ఆ ఇంటికి వచ్చి ముగ్ధుడయ్యారు. విషయం నెహ్రూ దాకా వెళ్లింది, 1962 జనవరిలో సంస్థ వెలిసింది. ఒక మనిషి పట్టుదలకు ప్రభుత్వం సకాలంలో చేయూతనిచ్చిందంతే.

ఇప్పుడు ఆ చేయూతే సన్నగిల్లుతోంది. పరిశోధనకు దేశం పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. పీహెచ్‌డీ మొదలుపెట్టిన జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలని 2023లో పెంచారు, మంచిదే. కానీ అది నెలనెలా అందక అద్దె కట్టడానికి అప్పు చేసే విద్యార్థులున్నారు. తమిళనాడులోని తేనిలో, న్యూట్రినోలనే అతి తేలికైన కణాలను పరిశీలించడానికి కొండ కింద తలపెట్టిన న్యూట్రినో అబ్జర్వేటరీకి కేంద్రం 2015లో ఆమోదం తెలిపినా పని ముందుకు సాగలేదు. పశ్చిమ కనుమల గురించి అక్కడి జనం ఆందోళన న్యాయమైనదే. వాళ్లతో మొదట్నుంచీ విప్పిచెప్పి మాట్లాడి ఉండాల్సింది.

టీనగర్‌లోనో అన్నానగర్‌లోనో ఒక అమ్మాయి ఫిజిక్స్ చదువుతానంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. కోచింగ్, కంప్యూటర్ సైన్స్ తప్ప దారి లేదని పెద్దవాళ్లు భయపడుతున్నారంటే తప్పు వాళ్లది కాదు. పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం ఎక్కడో ప్రభుత్వం చూపడం లేదు. కేంద్రం సెర్న్ పనికి ఏడాదికేడాది కాకుండా పదిహేనేళ్ల నిధులు ఒకేసారి ఖాయం చేయాలి. ఫెలోషిప్ ప్రతి నెలా మొదటి వారంలో ఖాతాలో పడాలి. విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న భౌతికశాస్త్ర అధ్యాపక పోస్టులు నింపాలి. నగరంలోని తెలుగు సంఘాలు ఉగాది సభల్లో ఒక సాయంత్రం తరమణి శాస్త్రవేత్తలను పిలిచి, పిల్లలతో, వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడించాలి.