బ్రిటన్ స్త్రీల ఓటు హక్కు యుద్ధం ఇచ్చిన బహుమానం కాదు

మహిళల ఓటు హక్కు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక వాదన విస్తృతంగా చేతులు మారుతూ ఉంటుంది. దాని సారాంశం ఇది: బ్రిటన్‌లో స్త్రీలకు ఓటు ఉద్యమం వల్ల రాలేదు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వారు ఆయుధ కర్మాగారాల్లో పనిచేసినందుకు కృతజ్ఞతగా ప్రభుత్వమే 1918లో స్త్రీలందరికీ ఓటు ఇచ్చింది, యుద్ధం లేకపోతే ఆ ప్రశ్నే వచ్చేది కాదు, ఉద్యమకారిణులు చేసిందల్లా కిటికీ అద్దాలు పగలగొట్టడం, వారిలో ఒకరు గుర్రం కింద పడి ఆత్మహత్య చేసుకోవడం, ఓటు ఉద్యమ పత్రాలను భద్రపరిచిన లండన్‌లోని మహిళా గ్రంథాలయం విజయం తర్వాత కట్టుకున్న స్మారకం మాత్రమే, ఇక భారతదేశంలోనైతే ఎవరూ అడగకుండానే ఓటు వచ్చింది. ఈ మాటల్లో ఒక్కటీ యథాతథంగా నిలవదు. అర్ధ శతాబ్దానికి పైగా సంతకాలు సేకరించి, సభలు జరిపి, జైళ్ళకు వెళ్ళిన వారి శ్రమను ఒక్క వాక్యంతో తుడిచివేసే ఈ ధోరణి నన్ను బాధిస్తుంది కాబట్టి, ఒక్కొక్క అంశాన్నీ విడిగా పరిశీలిస్తాను.

ముందుగా కృతజ్ఞత సంగతి చూద్దాం. 1918 ఫిబ్రవరి 6న రాజముద్ర పొందిన ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటు ఇచ్చింది స్త్రీలందరికీ కాదు. ముప్పై ఏళ్ళు నిండి, స్థానిక ఎన్నికల ఓటరుగా ఇంటికో స్థలానికో హక్కుదారు అయినవారికి, అలాంటివారి భార్యలకు, విశ్వవిద్యాలయ పట్టభద్రులకు మాత్రమే. అదే చట్టం పురుషులకు 21 ఏళ్ళకు, యుద్ధసేవలో ఉన్నవారికి 19 ఏళ్ళకే ఓటు ఇచ్చింది. ఆయుధ కర్మాగారాల్లో మందుగుండు కూరుతూ విషరసాయనాల వల్ల చర్మం పసుపుపచ్చగా మారిపోయిన కార్మికురాళ్ళలో అధికభాగం ముప్పై లోపు వయసువారు. సొంత ఇంటి హక్కు లేక అద్దె గదుల్లోనో, తల్లిదండ్రుల దగ్గరో, యజమానుల ఇళ్ళలోనో బతికినవారు. అంటే ఏ పనికి బహుమానంగా ఓటు ఇచ్చారని చెబుతున్నారో, ఆ పని చేసినవారిలో ఎక్కువమందిని ఆ చట్టమే బయట నిలబెట్టింది. ముప్పై ఏళ్ళ నిబంధన వెనుక ఉన్న కారణం కూడా రహస్యమేమీ కాదు: యుద్ధంలో లక్షలాది పురుషులు చనిపోయిన దేశంలో సమాన వయోపరిమితి పెడితే ఓటర్లలో స్త్రీల సంఖ్యే ఎక్కువవుతుందన్న భయం. దాదాపు 84 లక్షల మంది స్త్రీలు 1918లో ఓటర్లయ్యారు, అది చిన్న విజయం కాదు; కానీ పురుషులతో సమానంగా 21 ఏళ్ళకు ఓటు రావడానికి 1928 జులై 2 వరకు, అంటే మరో పదేళ్ళకు పైగా, పోరాడవలసి వచ్చింది.

యుద్ధం లేకపోతే ఈ ప్రశ్నే వచ్చేది కాదన్న రెండో మాటకు పార్లమెంటు రికార్డులే సమాధానం చెబుతాయి. 1866 జూన్ 7న ఉద్యమకారిణులు ఎమిలీ డేవిస్, ఎలిజబెత్ గారెట్ ఓటు కోరుతూ దాదాపు 1,500 మంది స్త్రీలు సంతకాలు చేసిన వినతిపత్రాన్ని పార్లమెంటు భవనంలోని వెస్ట్‌మినిస్టర్ హాలుకు తీసుకువెళ్ళి, తత్వవేత్త, పార్లమెంటు సభ్యుడు జాన్ స్టువర్ట్ మిల్ చేతికి అందించారు. అతను వచ్చేలోగా అంత పెద్ద కాగితపు చుట్ట నలుగురి కంటా పడకుండా, అక్కడ ఆపిల్ పండ్లు అమ్ముకునే ఒకామె బల్ల కింద దాచిపెట్టారు. మరుసటి ఏడాది మే 20న స్త్రీలకూ ఓటు ఇవ్వాలంటూ మిల్ ప్రవేశపెట్టిన సవరణ 73 ఓట్లకు 196 ఓట్లతో ఓడిపోయింది. ఆ రోజు సందర్శకుల గ్యాలరీలో కూర్చుని విన్న పందొమ్మిదేళ్ళ యువతి, తర్వాత ఓటు ఉద్యమ నాయకురాలైన మిలిసెంట్ ఫాసెట్. 1928లో సమాన ఓటు బిల్లు నెగ్గడం చూడడానికి కూడా ఆమె పార్లమెంటుకు వచ్చారు. ఈ రెండు దృశ్యాల మధ్య అరవై ఒక్క ఏళ్ళు గడిచాయి. యుద్ధం వాటిలో నాలుగేళ్ళే. 1870లోనూ 1897లోనూ మహిళా ఓటు బిల్లులు పార్లమెంటు దిగువసభ అయిన కామన్స్‌లో రెండో పఠనం, అంటే బిల్లు మూలసూత్రంపై జరిగే ఓటింగు, దాటాయి. 1910లో కొందరు స్త్రీలకు మాత్రం ఓటు ఇచ్చే రాజీ బిల్లుకు అనుకూలంగా 299, వ్యతిరేకంగా 189 ఓట్లు పడ్డాయి. 1911లో ఆధిక్యం ఇంకా పెరిగింది. 1912లో అలాంటి బిల్లే కేవలం 14 ఓట్ల తేడాతో పోయింది. సభలో మద్దతు యుద్ధానికి ముందే ఉంది. లేనిది ప్రధాని ఆస్క్విత్ ప్రభుత్వంలో సంకల్పం.

యుద్ధానికి అసలు పాత్రే లేదని నేను అనడం లేదు. ఇంట్లో పన్నెండు నెలలు నివాసం ఉంటేనే ఓటు అన్న పాత నిబంధన వల్ల యుద్ధరంగంలో ఉన్న సైనికుల ఓట్లే రద్దయ్యే పరిస్థితి వచ్చి, ఓటర్ల చట్టాన్ని ఎలాగూ తిరగరాయవలసి వచ్చింది. ఆ పని మీద 1916లో స్పీకర్ అధ్యక్షతన సమావేశమైన బృందం ముందు స్త్రీల ఓటు ప్రశ్న నిలబడిందంటే, యాభై ఏళ్ళుగా దాన్ని ఎవరూ పక్కన పెట్టలేని ప్రశ్నగా ఉద్యమం మార్చినందువల్లే. 1917 జూన్ 19న కామన్స్ సభ 385 - 55 ఓట్లతో స్త్రీల ఓటు నిబంధనను ఆమోదించింది. యుద్ధం సందర్భాన్ని కల్పించింది. ఆ సందర్భంలో అడగవలసిన దాన్ని సిద్ధంగా ఉంచింది ఉద్యమం.

ఇతర దేశాలను చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టపడుతుంది. న్యూజిలాండ్ స్త్రీలకు 1893లో, ఫిన్లాండ్ స్త్రీలకు 1906లో, నార్వే స్త్రీలకు 1913లో ఓటు వచ్చింది. అప్పటికి ప్రపంచ యుద్ధం మొదలే కాలేదు. ఫ్రాన్స్ స్త్రీలు అదే యుద్ధంలో అలాంటి ఆయుధ కర్మాగారాల్లోనే పనిచేశారు, పొలాలు దున్నారు, భర్తలను కొడుకులను పోగొట్టుకున్నారు. వారికి ఓటు 1944 దాకా రాలేదు.

ఆత్మహత్య మాట ఉద్యమకారిణి ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ గురించి. 1913 జూన్ 4న ఎప్సమ్ డెర్బీ పందెంలో రాజు గుర్రం ముందుకు వెళ్ళి, తీవ్రంగా గాయపడి, నాలుగు రోజుల తర్వాత ఆమె మరణించారు. ఆమె దగ్గర దొరికిన చేతిసంచి, తిరుగు ప్రయాణపు రైలు టికెట్ ఈ రోజు మహిళా గ్రంథాలయంలోనే భద్రంగా ఉన్నాయి. పందెం రోజున ప్రత్యేక రైళ్ళకు రానుపోను టికెట్లే అమ్మేవారన్న వాదన ఉంది కనుక, ఒక్క టికెట్‌తో ఆమె మనసు తేల్చలేం. అయితే విచారణ జరిపిన అధికారి దాన్ని ఆత్మహత్యగా కాక ప్రమాదవశాత్తు సంభవించిన మరణంగా నమోదు చేశాడు. ఒక మనిషి ఆఖరి క్షణాల ఉద్దేశాన్ని ఇంత తేలికగా తీర్పు చెప్పే హక్కు మనకెవరికీ లేదు. ఇక అద్దాలు పగలగొట్టిన, ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ నాయకత్వంలోని వర్గంతో పాటే, అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ సభ్యులతో, ఒక్క రాయి విసరకుండా ఊరూరా శాఖలు నడిపిన ఫాసెట్ సంఘాల సమాఖ్య కూడా ఉందన్న సంగతి ఈ వాదనలో ఎక్కడా కనిపించదు.

గ్రంథాలయం విజయం తర్వాత కట్టుకున్న స్మారకమన్నది తేదీలు చూడనందువల్ల వచ్చిన పొరపాటు. లండన్ మహిళా ఓటు హక్కు సంఘపు వారసులు 1926లో దాన్ని ప్రారంభించారు. ముప్పై లోపు స్త్రీలకు అప్పటికింకా ఓటు లేదు. మొదటి గ్రంథపాలకురాలు వీరా డౌయీ 1926 నుంచి 1967 వరకు దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. కొత్తగా ప్రజాజీవితంలోకి అడుగుపెడుతున్న స్త్రీలకు చట్టాలు, నివేదికలు, గణాంకాలు అందుబాటులో ఉంచే పనిముట్టుగా అది మొదలైంది. పాత ఉద్యమాల ఉత్తరాలు, కరపత్రాలు, పతాకాలు కూడా అక్కడికే చేరాయి. 1957లో ఫాసెట్ పేరు పెట్టుకుని, 1977లో సిటీ ఆఫ్ లండన్ పాలిటెక్నిక్ కళాశాల నేలమాళిగకు చేరి, 2002లో వైట్‌చాపెల్‌లో ఒకప్పుడు పేదల బట్టలుతుకు కేంద్రంగా ఉన్న స్థలానికి మారి, 2012లో మూసివేత ముప్పును ఎదుర్కొని, 2013లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆశ్రయం పొందింది. ఆ ముప్పు వచ్చినప్పుడు పాఠకులు, పరిశోధకులు సంతకాలు సేకరించి పోరాడారు. ఓటు హక్కు ఉద్యమానికి చెందిన ఆ పత్రాలకు యునెస్కో వారి బ్రిటన్ జ్ఞాపకాల పట్టికలో 2011లోనే చోటు దక్కింది. చరిత్రను తర్వాత అల్లారని ఆరోపించేవారు తెరిచి చూడవలసినవి ఆ కాగితాలే.

మన దేశంలో అడగకుండానే వచ్చిందన్న చివరి మాట తెలుగువారు అసలు అనకూడనిది. ఐర్లండులోనూ లండన్‌లోనూ ఓటు కోసం జైలుకు వెళ్ళిన మార్గరెట్ కజిన్స్ 1915లో ఇక్కడికి వచ్చి, మన మదనపల్లెలో నివసించారు. 1917లో మద్రాసు శివారు అడయారులో ఏర్పడిన భారత మహిళా సంఘం స్థాపకుల్లో ఆమె ఒకరు. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళా ప్రతినిధి బృందం మద్రాసులో బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి పురుషులతో సమానంగా ఓటు కోరింది. ఓటు అర్హతలను పరిశీలించిన సౌత్‌బరో కమిటీ కాదన్నది. 1919లో సరోజినీ నాయుడు, హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిఠన్ లండన్ వెళ్ళి పార్లమెంటు సంయుక్త సంఘం ముందు వాదించారు. బ్రిటిష్ పార్లమెంటు నిర్ణయాన్ని రాష్ట్ర శాసనమండళ్ళకు వదిలేసినప్పుడు మహిళా సంఘాలు ప్రతి రాష్ట్రంలోనూ మళ్ళీ మొదటి నుంచి ఒప్పించుకుంటూ రావలసి వచ్చింది. ఆస్తి అర్హత వల్ల ఆ ఓటు కొద్దిమందికే దక్కింది, నిజాం పాలనలోని తెలంగాణకు అది వర్తించనే లేదు; అయినా కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1921 ఏప్రిల్‌లో శాసనమండలి స్త్రీపురుష భేదం లేకుండా ఒకే అర్హతలపై ఓటుకు ఒప్పుకున్నది. లండన్ స్త్రీలు ఆ సమానత్వం కోసం ఇంకా ఏడేళ్ళు ఎదురుచూశారు.