క్రెడిట్ కార్డు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్రెడిట్ కార్డు గారికి,

నమస్కారములు. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఊబర్ ఏ దేశంలో కాలు పెట్టినా ముందు తమరి క్షేమమే అడిగేది. తమరు జేబులో ఉన్నవాడే దాని లెక్కలో ప్రయాణికుడు, తక్కినవారు బస్సు కోసం నిలబడ్డ జనం. 2013లో మా దేశానికి వచ్చినప్పుడూ అదే పద్ధతి. ప్రయాణం ముగియగానే ఎవరినీ అడగకుండా తమరి ఖాతాలోంచి డబ్బు లాగేసుకునే ఆ సౌకర్యానికి, ఓటీపీ లాంటి రెండో అంచె ధ్రువీకరణ లేనిదే కుదరదంటూ 2014లో రిజర్వు బ్యాంకు అడ్డుపడింది. ఊబర్ తమరిని పక్కన పెట్టి పేటీఎం వాలెట్‌ను ఆశ్రయించింది. ఆపైన 2015 మే నెలలో నగదు తీసుకునే ప్రయోగానికి మా హైదరాబాదునే ఎంచుకుంది. ఓలా అప్పటికే నోట్లు లెక్కపెట్టుకుంటోంది. ఐదు వందలకు చిల్లర లేదని డ్రైవరూ, తన దగ్గరా లేదని ప్రయాణికుడూ సాగించే సనాతన సంవాదంలోకి అలా ఒక అమెరికా కంపెనీ కూడా ప్రవేశించింది.

ఇండోనేషియాలోని జకార్తాలో జరిగింది తమరు వినే ఉంటారు. అక్కడి సవారీ కంపెనీ గోజెక్ 2010లో మొదలైనప్పుడు దానికి యాప్ లేదు; ఉన్నవి ఒక కాల్ సెంటరూ, ఇరవై మంది మోటారు సైకిలు డ్రైవర్లూ. అయితే ఆ ఊరి ట్రాఫిక్‌లో కారు కదలదనీ, సందు దొరికితే రెండు చక్రాలే దూరతాయనీ, ఎక్కేవాడి జేబులో ఉండేది ఆ దేశపు రుపియా నోట్లే తప్ప తమరు కాదనీ దానికి తెలుసు. 2018 మార్చిలో ఊబర్ తన ఆగ్నేయాసియా వ్యాపారమంతా అక్కడి మరో సవారీ కంపెనీ గ్రాబ్‌కు అప్పగించి, బదులుగా 27.5 శాతం వాటా పుచ్చుకుని వెళ్లిపోయింది. (స్వదేశీ విజయమని పొంగిపోనక్కర లేదు. గ్రాబ్‌లోనూ ఓలాలోనూ జపాను పెట్టుబడి సంస్థ సాఫ్ట్‌బ్యాంకు డబ్బు పెట్టింది. డబ్బు ఎక్కడిదైనా కావచ్చు, వీధి తెలిసినవాడు మాత్రం స్థానికుడే.)

చైనాలో తమరి పేరు ఎత్తడానికే అవకాశం రాలేదు. అక్కడ ఆన్‌లైన్‌లో కొనేవాడి భయం చెల్లింపు గురించి కాదు, డబ్బు కట్టాక సరుకు వస్తుందా అని. సరుకు చేతికందిందని కొన్నవాడు చెప్పేదాకా అలీబాబా కంపెనీ చెల్లింపు సేవ అలీపే ఆ సొమ్మును తన దగ్గరే అట్టిపెట్టింది; అదే కంపెనీ ఆన్‌లైన్ బజారు టావోబావో అమ్మకందార్ల దగ్గర రుసుము తీసుకోలేదు. దానితో పోటీపడ్డ అమెరికా ఆన్‌లైన్ బజారు ఈబే 2006 చివర్లో తన చైనా సైటు మూసి, ఒక స్థానిక భాగస్వామి చేయి పట్టుకుంది.

ఇంతకీ తమరి తాజా సమాచారం మాకు చేరింది. 2022లో రిజర్వు బ్యాంకు అనుమతించాక, రూపే పేరుతో తమరు యూపీఐలో చేరి, కిళ్లీ కొట్టు గాజు సీసాకు అతికించిన క్యూఆర్ కోడ్ ముందు వరుసలో నిలబడుతున్నారట. దయచేసి కాస్త పక్కకు జరగండి, వెనక జనం ఉన్నారు.

ఇట్లు,
చిల్లర లేని ఒక ప్రయాణికుడు