తప్పు ఫ్రిజ్‌ది, మాట పడింది పెద్దావిడ

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో రెండు తీర్మానాలు పెట్టారు. హాలు వంటగదిలో ఉన్న సంఘం ఫ్రిజ్‌ని పారేసి కొత్తది కొనాలన్నది ఒకటి. ఇకమీదట పండగలకి ఇళ్ళల్లో వండినవి వద్దు, అన్నీ కేటరింగ్‌కే ఇవ్వాలన్నది రెండోది. రెండింటికీ నేను వ్యతిరేకంగా ఓటు వేస్తాను. మీరూ వేయాలని అడుగుతున్నాను.

ఉగాదినాడు ఏం జరిగిందో అందరికీ తెలుసు. పంచాంగ శ్రవణం అయ్యి భోజనాలకి లేచేసరికి దద్దోజనం పులిసిన వాసన కొట్టింది. ట్రేలన్నీ పారబోశారు. పారబోయడం సరైన పనే, పిల్లలూ పెద్దవాళ్ళూ తినే చోట అనుమానం వస్తే ఉంచకూడదు. నా బాధంతా ఆ తర్వాత మైకులో వచ్చిన మాట గురించి. "ఇంట్లో వండి తెచ్చేవాళ్ళు ఇక్కడి శుభ్రత పద్ధతులు తెలుసుకోవాలి" అన్నారు. దద్దోజనం చేసింది ఎవరో హాల్లో అందరికీ తెలుసు. కూతురి పురిటికి విశాఖ నుంచి వచ్చిన పెద్దావిడ. ముందురోజు సాయంత్రం మా కళ్ళముందే అన్నాన్ని పళ్ళేల్లో పరిచి ఆరబెట్టి, కాచి చల్లార్చిన పాలు పోసి, కాస్త తోడు కలిపి, లోతు తక్కువ ట్రేలలో సర్ది ఫ్రిజ్‌లో పెట్టించారు. పెరుగంతా ముందే కలిపితే తెల్లారేసరికి పులుస్తుందని తెలిసిన చేయి అది. తర్వాత పార్కింగ్‌లో కనిపిస్తే, "ఎప్పుడూ ఇలా అవలేదు నాయనా, పాలు సరిగా కాగలేదేమో" అన్నారు. తప్పు తనదేనని ఆవిడే నమ్మేశారు.

అదే అరలో ఉన్న కొబ్బరి పచ్చడి కూడా పాడైంది. సీలు తీయని పాల గ్యాలన్ విరిగింది. ఆ పాలు కొట్లో కొన్నవి. అప్పుడైనా ఎవరో ఒకరు ఫ్రిజ్ వైపు చూడాల్సింది. చూడకపోవడానికి కారణం ఉంది. పైన ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిగా ఉంది, లోపల లైటు వెలుగుతోంది, కంప్రెసర్ చప్పుడు వినిపిస్తోంది. బాగానే పనిచేస్తోందనుకున్నారు.

ఫ్రీజర్ చల్లగా ఉండి కింది అరలు వెచ్చగా ఉంటే జబ్బు ఎక్కడుందో దాదాపు అక్కడే తెలిసిపోతుంది. ఇలాంటి ఫ్రిజ్‌లలో చలి పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక పలక చాటున ఉన్న కాయిల్ అనే గొట్టం చుట్ల దగ్గర. చిన్న ఫ్యాను ఆ చల్లగాలిని కిందికి తోస్తుంది. ఆ దారి మూసుకుపోతే పైన మంచు, కింద వేసవి.

కమిటీ అనుమతి తీసుకుని ఆ తర్వాతి శనివారం నేను వెళ్ళాను. ముందు కింది అరలో గ్లాసుడు నీళ్ళలో థర్మామీటర్ పెట్టి వదిలేశాను. 61 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించింది. ఆహార భద్రత చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే లెక్క ప్రకారం 40 దాటకూడదు. ప్లగ్ తీసేసి, ఫ్రీజర్ ఖాళీ చేసి, వెనక పలక స్క్రూలు విప్పాను. కాయిల్ కనిపించలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా కొబ్బరికోరు దట్టించినట్టు తెల్లటి మంచు. ఫ్యాను రెక్కలు కూడా అందులో కూరుకుపోయాయి.

ఆ మంచు ఎలా పట్టిందో చూడడం ముఖ్యం. కాయిల్ అంతటా సమానంగా పడితే మంచు కరిగించే ఏర్పాటు చెడిందని అర్థం. మొదటి ఒకటి రెండు చుట్ల మీదే పట్టి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. మనది మొదటి రకం. కాయిల్ కింద చిన్న హీటర్ ఉంటుంది. కొన్ని గంటలకొకసారి కాసేపు వేడెక్కి ఆ మంచుని కరిగిస్తుంది. మల్టీమీటర్ పెడితే హీటర్ తీగ తెగిపోయినట్టు తేలింది. తలుపులు తీసిపెట్టి, కింద తువ్వాళ్ళు పరిచి, మంచు దానంతట అది కరిగేదాకా ఆగాం. కత్తితో గీకుదామని ఒక కుర్రాడు ముందుకొస్తే ఆపాను, కాయిల్‌కి చిల్లు పడితే ఫ్రిజ్ పని అక్కడితో సరి. కొత్త హీటర్ యాభై డాలర్లు కూడా కాలేదు. బిగించిన మర్నాడు అదే గ్లాసులో 37 డిగ్రీలు.

వరంగల్‌లో మా ఇంట్లో ఆల్విన్ ఫ్రిజ్ ఉండేది, హైదరాబాద్ సనత్‌నగర్‌లో తయారైనది. చల్లదనం తగ్గితే నాన్న మెకానిక్‌కి కబురు పెట్టేవారు. ఆయన వచ్చి ముందు వెనక జాలీ మీద అరచెయ్యి ఆనించి, చెవి దగ్గర పెట్టి కంప్రెసర్ విని, ఆ తర్వాతే నోరు విప్పేవాడు. అంత ఓపిక నేను ఇక్కడ ఎక్కడా చూడలేదు. వస్తూనే "గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి" అనే వాళ్ళూ ఊళ్ళో ఉండేవారు, వాళ్ళని నేను వెనకేసుకు రాను. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు మూయకుండా నింపితే మళ్ళీ పోతుంది. గ్యాస్ జోలికి మనం వెళ్ళకూడదు కూడా. ఈ దేశంలో చాలా రకాల ఫ్రిజ్ గ్యాస్ ముట్టుకోవాలంటే పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధనల కింద ఇచ్చే 608 సర్టిఫికెట్ ఉండాలి. పైగా కొత్త ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఎ మండే గ్యాస్.

కొత్తది కొనాలనే వాళ్ళ మాటలో కొంత న్యాయం ఉంది. కంప్రెసర్ పోయినా, గ్యాస్ కారుతున్నా పాతదాని మీద డబ్బు పోయడం దండగే. మనదానికి ఆ రెండూ లేవు. కొత్తది తెచ్చినా దాన్నీ మనం ఇలాగే వాడతాం. పొగలు కక్కే సాంబారు గిన్నె తెచ్చి లోపల పెడతాం, గాలి ఆడే సందు లేకుండా ట్రేలు కుక్కుతాం, ఫ్రిజ్ అడుగున వేడిని బయటికి వదిలే మరో కాయిల్‌కి పట్టిన దుమ్ము ఏళ్ళ తరబడి తుడవం. తలుపు రబ్బరు సరిగా పట్టుకుంటోందో లేదో తెలుసుకోవడానికి డాలర్ నోటు మధ్యలో పెట్టి మూసి లాగితే చాలు. సునాయాసంగా జారి వచ్చేస్తే ఆ రబ్బరు మార్చాలి. ఇళ్ళల్లో గరాజ్‌లో రెండో ఫ్రిజ్ ఉన్నవాళ్ళకి ఒక మాట. చలికాలంలో గరాజ్ బాగా చల్లబడితే కింది అర ఎలాగూ చల్లగానే ఉందని కంప్రెసర్ తిరగడం మానేస్తుంది, పైన ఫ్రీజర్ కరుగుతుంది. అది రిపేరు కాదు, చోటు మార్చాలి.

ఇక రెండో తీర్మానం. కేటరింగ్ వాళ్ళ పెరుగన్నం కూడా ఆ రాత్రి ఆ ఫ్రిజ్‌లో ఉంటే అలాగే పులిసేది. మన పండగల్లో పెద్దవాళ్ళకి మిగిలిన చోటు వంటగది ఒక్కటే. వీసా మీద వచ్చి, కారు నడపడం రాక, భాష ఇబ్బందితో నాలుగు గోడల మధ్య నెలలు గడిపే అమ్మలు ఆ ఒక్కరోజు నలుగురిలో కలిసి గరిటె తిప్పుతారు. ఆ చోటు కూడా తీసేయకండి. కమిటీ వాళ్ళు నా మిత్రులే, ఉగాది కోసం నిద్ర మానుకుని పనిచేసిన వాళ్ళు. వాళ్ళని నేను కోరేది ఒక్కటే. ఆ పెద్దావిడ ఊరికి వెళ్ళేలోపు వాళ్ళింటికి వెళ్ళి, తప్పు మీది కాదమ్మా అని చెప్పండి. ఈ పత్రికలో కూడా రెండు వాక్యాలు వేయండి.

తీర్మానాల బదులు, ఫ్రిజ్‌లో ఒక థర్మామీటర్, తలుపు మీద ఒక కాగితం పెడదాం. ట్రేలు సర్దేముందు ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అంకె రాసే బాధ్యత ఒక వాలంటీర్‌కి ఇద్దాం. వనభోజనాల ముందు శనివారం ఉదయం పది గంటలకి నేను హాల్లో ఉంటాను, కింద కాయిల్ దులపాలి. నేర్చుకుంటామనే పిల్లల్ని తీసుకురండి. వ్యాక్యూమ్ ఎవరైనా తెస్తే మంచిది, హాల్లో ఉన్నది పనిచేయడం లేదు.