నీల్ విగ్రహం మీద మావయ్య పంపిన ఫార్వర్డ్‌కి నా జవాబు

నిన్న పొద్దున్నే మా చుట్టాల గ్రూప్‌లో మావయ్య ఒక ఫార్వర్డ్ పెట్టారు. సాయంత్రానికి అదే మెసేజ్ మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూప్‌లో, ఆఫీస్ గ్రూప్‌లో కూడా వచ్చింది, అంటే చెన్నైలో ఉన్న తెలుగోళ్లలో సగం మంది ఈపాటికి చదివేసుంటారు. 1857 సిపాయిల తిరుగుబాటుని అణచడానికి వెళ్లిన ఈస్టిండియా కంపెనీ ఆఫీసరు జనరల్ జేమ్స్ నీల్ విగ్రహం ఒకప్పుడు మౌంట్ రోడ్డు మీద ఉండేది, దాని గురించి అది. చదవనివాళ్ల కోసం సారాంశం చెప్తా: నీల్ మన మద్రాసు వీరుడట, మన తెలుగు సిపాయిల్ని వెంటేసుకుని 1857లో యుద్ధం గెలిపించాడట, కాన్పూర్‌లో తెల్ల ఆడవాళ్లని పిల్లల్ని చంపినందుకు పగ తీర్చుకున్నాడట, పైవాళ్ల ఆర్డర్లే పాటించాడట, ఆ కాలంలో అందరూ అంతేనట, ఓట్ల కోసం రాత్రికి రాత్రి విగ్రహం పీకేసి చరిత్ర చెరిపేశారట, మరి మద్రాసు గవర్నరుగా చేసిన మన్రో విగ్రహాన్ని ఎందుకు వదిలేశారు, దమ్ముంటే నీల్‌ని మళ్లీ పెట్టండి. కింద రెండు జెండాలు, ఒక కత్తి బొమ్మ.

మావయ్యా, మీరంటే గౌరవమే, చిన్నప్పుడు నాకు లెక్కలు నేర్పింది మీరే, కానీ ఇందులో లెక్క ఒక్కటీ సరిగ్గా లేదు.

ముందు ఆ "మన తెలుగు సిపాయిలు" సంగతి. నీల్ నడిపిన పటాలం పేరు మద్రాస్ యూరోపియన్ ఫ్యూజిలియర్స్. పేరులోనే యూరోపియన్ అని ఉంది. మొత్తం తెల్ల సోల్జర్లే, కంపెనీ జీతం మీద పనిచేసేవాళ్లు, నీలం టోపీలు పెట్టుకునేవాళ్లని బ్లూ క్యాప్స్ అనేవాళ్లు, తర్వాతి కాలంలో ఆ పటాలమే రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అయింది. మద్రాసుకి వాళ్లకి ఉన్న సంబంధం బ్యారక్‌లు ఇక్కడ ఉండటం వరకే. ఇందులో తమాషా ఏంటంటే తెలుగువాళ్ల పేరు నిజంగానే 1857లో వినిపిస్తుంది, కానీ అవతలి వైపు. కంపెనీ మొదట్లో సిపాయిల్ని మన వైపు నుంచి చేర్చుకోవడం వల్ల ఉత్తరాదిలో సిపాయి అంటేనే తిలంగా అనే మాట స్థిరపడిపోయింది, తిరగబడ్డ సిపాయిలు ఏ అవధ్ వాళ్లో భోజ్‌పూర్ వాళ్లో అయినా ఢిల్లీ జనం వాళ్లని తిలంగీలు అనే పిలిచారు. అంటే నీల్ చెట్లకి వేలాడదీసింది ఆ తిలంగీలని అనుమానం వచ్చినవాళ్లని. మన పేరు మోసినవాళ్లు ఉరికొయ్యల మీద ఉంటే మనం ఉరి తీసినవాడికి దండలు వేద్దామా?

ఇప్పుడు అసలు పాయింట్, కాన్పూర్ పగ. ఈ ఫార్వర్డ్ మొత్తం నిలబడింది దీని మీదే, దయచేసి క్యాలెండర్ చూడండి. కాన్పూర్‌లో బీబీఘర్ అనే ఇంట్లో దాదాపు 200 మంది ఆడవాళ్లని పిల్లల్ని నరికి బావిలో పడేశారు, అది ఘోరం, దాన్ని నేను సమర్థించను, ఎవరూ సమర్థించకూడదు. అది జరిగింది 1857 జూలై 15న. అంతకుముందు కాన్పూర్‌లోనే సతీచౌరా ఘాట్ దగ్గర పడవల్లో ఎక్కుతున్న ఇంగ్లీషువాళ్లని కాల్చింది జూన్ 27న. మరి నీల్? జూన్ 4న కాశీలో ఉన్నాడు, జూన్ 11కల్లా అలహాబాద్ చేరాడు. కాశీలో, అలహాబాద్‌లో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉరితీతలు, ఊళ్లు తగలబెట్టడాలు అన్నీ జూన్‌లోనే. వయసు లేదు, విచారణ లేదు, దొరికినవాడు దొరికినట్టే. ఇవి నేషనలిస్టులు కల్పించిన కథలు కూడా కాదు, ఆ తిరుగుబాటు చరిత్ర రాసిన ఇంగ్లీషాయన జాన్ కే పుస్తకంలోనే వివరంగా ఉంటాయి. జూలైలో జరగబోయేదానికి జూన్‌లోనే పగ తీర్చుకున్నాడంటే నీల్ గారికి జ్యోతిషం కూడా వచ్చుండాలి. పైగా ఆ ఉరితీతల వార్తలు ముందే కాన్పూర్‌కి పాకి అక్కడ భయాన్నీ కసినీ పెంచాయని చెప్పే చరిత్రకారులు ఉన్నారు, ఆ లెక్కన ఫార్వర్డ్‌లో కారణం ఎటు, ఫలితం ఎటు అన్నది తిరగరాయాలి.

కాన్పూర్ చేరాక ఏం చేశాడో కూడా రాస్తా, తినేటప్పుడు చదువుతుంటే ఈ పేరా వదిలేయండి. బీబీఘర్ నేల మీద రక్తం ఇంకా ఎండకుండా ఉంది. ఉరిశిక్ష పడ్డ ప్రతివాడూ చనిపోయే ముందు అందులో కొంత భాగం తన చేత్తో తుడవాలని నీల్ రాతపూర్వకంగా ఆర్డర్ ఇచ్చాడు, తేదీ జూలై 25. మొండికేసినవాళ్లకి కొరడా. కొందరితో నాలుకతో నాకించారు. ఇది చేస్తే కులం పోతుందని వాళ్లు నమ్ముతారని అతనికి తెలుసు, తెలిసే పెట్టాడు, ఆ మాట తనే రాసుకున్నాడు. శిక్ష పడ్డవాళ్లంతా ఆ హత్యలు చేసినవాళ్లేనా అని అడిగితే, ఎవరు చేశారో తేల్చే ఓపిక అక్కడ ఎవరికీ లేదు.

ఆర్డర్లు పాటించాడు అన్నది ఇంకో జోకు. ఆర్డర్లు రాసిందే అతను కదా. అలహాబాద్ నుంచి ముందు మేజర్ రెనోని పంపుతూ ఏయే ఊళ్లు నాశనం చెయ్యాలి, ఫతేపూర్‌లో పఠాన్ల పేటలో ఎవర్నీ వదలొద్దు, తిరగబడ్డ పటాలాల సిపాయిలు సరిగ్గా సమాధానం చెప్పుకోలేకపోతే అక్కడికక్కడే ఉరి తియ్యాలి అని లిస్ట్ రాసిచ్చాడు. కింద సంతకం నీల్‌దే.

"ఆ కాలంలో అందరూ అంతే" అన్నదానికి నీల్ పైఆఫీసరే సాక్షి. ఆ పైఆఫీసరు జనరల్ హావ్‌లాక్ కాన్పూర్‌లో నీల్ రాగానే మొదట చెప్పిన మాట, నేనున్నంతసేపు నీకు ఇక్కడ ఏ అధికారం లేదు, ఒక్క ఆర్డర్ కూడా ఇవ్వకు అని. గవర్నర్ జనరల్ కానింగ్ జూలై 31న ఇష్టమొచ్చినట్టు ఉరి తియ్యొద్దని తీర్మానం ఇచ్చాడు, దానికి సొంత ఇంగ్లీషు జనమే ఆయన్ని దయామయుడు కానింగ్ అని వెక్కిరించారు. అందరూ అంతే అయితే ఆ తీర్మానం ఎందుకు, ఆ వెక్కిరింత ఎందుకు? ఆ రోజుల్లో కూడా వద్దన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట వినకుండా చేసినవాళ్లలో నీల్ ముందున్నాడు. ధైర్యం ఉన్నవాడే, సెప్టెంబర్ 25న లక్నో వీధిలో తుపాకీ గుండు తగిలి చచ్చిపోయాడు, దాన్ని కాదనను. కానీ మౌంట్ రోడ్డులో విగ్రహం దిమ్మె మీద బెంగాల్ తిరుగుబాటు వరదకి మొట్టమొదట అడ్డుకట్ట వేసినవాడిగా అందరూ ఒప్పుకున్న వ్యక్తి అని చెక్కారు. ఆ "అందరూ"లో అలహాబాద్ పల్లెల్లో ఎవడైనా ఉన్నాడా?

రాత్రికి రాత్రి మాయం చేశారట. పదేళ్లు పట్టింది మావయ్యా, రాత్రులు లెక్కపెట్టుకోండి. 1927లో వలంటీర్లు సుత్తి, గొడ్డలి పట్టుకుని ఆ విగ్రహం మీదకి వెళ్లారు, అరెస్టులు, జైళ్లు. కడలూరు అంజలై అమ్మాళ్ చిన్నపిల్లయిన తన కూతురు అమ్మాకణ్ణుతో సహా జైలుకెళ్లింది. ఆ సెప్టెంబర్‌లో గాంధీ మద్రాసు వచ్చినప్పుడు ఉద్యమాన్ని సమర్థించి, హింస మాత్రం వద్దన్నాడు. యువకుడుగా ఉన్న కామరాజ్‌కీ అందులో పాత్ర ఉంది. కౌన్సిల్‌లో తీర్మానం పెడితే ఓడిపోయింది. చివరికి 1937లో ఎన్నికై వచ్చిన రాజాజీ మంత్రివర్గం టైమ్‌లో తీశారు. దీన్ని ఓట్ల కోసం అంటారా, అనండి, జనం అడిగింది చెయ్యడానికే కదా ఓట్లు. ఇక చెన్నైలో విగ్రహం కదలడం వింతా? మెరీనాలో కణ్ణగిని 2001లో తీశారు, 2006లో మళ్లీ పెట్టారు. శివాజీ గణేశన్‌ని 2017లో కామరాజర్ సాలై నుంచి అడయార్ స్మారక మందిరానికి మార్చారు. ఏ చరిత్రా చెరిగిపోలేదు.

నీల్ కూడా చెరిగిపోలేదు. ఆ విగ్రహాన్ని కరిగించలేదు, పగలగొట్టలేదు, ఎగ్మోర్ మ్యూజియంకి చేర్చారు. స్కాట్లండ్‌లో వాళ్ల సొంతూరు ఏర్‌లో ఇంకో విగ్రహం ఇప్పటికీ నిలబడే ఉంది, అది వాళ్ల ఊరు, వాళ్ల ఇష్టం. ఇంకో సంగతి, మీరు అత్తయ్యతో ప్యాకేజీ టూర్‌లో అండమాన్ వెళ్లినప్పుడు నీల్ ఐలండ్ అని పెట్టిన ఫోటో గుర్తుందా, వెనకాల జెట్టీ బోర్డు మీద షహీద్ ద్వీప్ అని ఉంది, జూమ్ చేసి చూడండి. ఆ నీల్ ఈ నీలే, 2018లో పేరు మార్చారు, పక్కనున్న హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ చేశారు. రెండు రోజులు ఆ దీవిలో కొబ్బరినీళ్లు తాగి వచ్చి ఎవరీ నీల్ అని మీరు అడగలేదు. పేరు అలా పెట్టి ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగరు, మార్చాలని గొడవైనప్పుడే అడుగుతారు.

మన్రో విషయం మాత్రం మంచి ప్రశ్న, ఫార్వర్డ్‌లో ఆలోచించాల్సింది అదొక్కటే. ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర బస్సులో వెళ్తూ రోజూ చూస్తా, జీను లేదు, రికాబులు లేవు, ఉత్త గుర్రం మీద కూర్చుని ఉంటాడు, 1839 నుంచి అలాగే. మన్రో కూడా యుద్ధాలు చేసినవాడే, హైదర్ మీద, టిప్పు మీద, మరాఠాల మీద. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా పాళెగాళ్లని అణిచాడు, రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే రైతువారీ పద్ధతి పెట్టాడు, శిస్తు బరువుగానే వేశాడు, తర్వాత నాలుగో వంతు తగ్గించాలని తనే సిఫార్సు చేశాడు. దేవుడేం కాదు. కానీ 1827లో పత్తికొండలో కలరాతో పోయినప్పుడు ఆ సీమలో జనం పిల్లలకి మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. తిరుమలలో మన్రో గంగాళం అని ఇప్పటికీ అంటారు. మా అమ్మమ్మ వైపు ముత్తాత ఒకాయన పేరు మన్రోలప్పే, అది మీక్కూడా తెలుసు, పెళ్లికార్డుల్లో ఆ పేరు వెయ్యడానికి మీరే సిగ్గుపడేవాళ్లు. నీల్ పేరు పెట్టుకున్న కుటుంబం ఒక్కటి అలహాబాద్‌లో చూపించండి, ఆ విగ్రహం నేనే మోసుకొచ్చి మౌంట్ రోడ్డులో పెడతా. అలాగని మన్రోని ఎప్పటికీ ముట్టుకోకూడదని కాదు, రేపు పాళెగాళ్ల వారసులు ఎవరైనా కాగితాలతో వచ్చి అడిగితే కూర్చుని వినాలి, నీల్ గురించి పదేళ్లు విన్నట్టే.

ఇదంతా రాత్రి మా గ్రూప్‌లో పెట్టా. మావయ్య బొటనవేలు గుర్తు పెట్టారు. అరగంట తర్వాత అదే ఫార్వర్డ్ పెదనాన్న వాళ్ల గ్రూప్‌లో మావయ్య నంబర్ నుంచే వచ్చింది, చూస్తే కాన్పూర్ పగ అన్న లైన్ మాత్రం తీసేశారు.