పేరు లేని గాలిగారికి ఉప్పాడ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ తూర్పుగాలి గారికి,

ఉప్పాడ బీచ్ రోడ్డు వార ఇంటి నుంచి నమస్కరించి వ్రాయునది. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను" అంటూ ఉత్తరం మొదలుపెట్టడం మా నాన్నగారు నేర్పిన పద్ధతి. అందులో రెండో సగంతో నాకు పేచీ లేదు. మీరు క్షేమంగానే ఉన్నారు. ఆరు రోజులుగా మా పెరటి తలుపు కొట్టుకుంటున్న తీరు వింటే తెలుస్తూనే ఉంది. మొదటి సగం దగ్గరే పెన్ను కదలడం లేదు.

మీ గురించి టీవీలో రోజూ చెబుతున్నారు. "సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. తీరం వెంబడి గంటకు 35 నుంచి 45 కిలోమీటర్లు, ఒక్కోసారి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు." ఈ మూడు ముక్కలూ మా ఊళ్లో అక్షరాలు రాని పిల్లలకి కూడా నోటికొచ్చు. అది చదివేసి ఆ అమ్మాయి చిన్న నవ్వు నవ్వి సినిమా కబుర్లలోకి వెళ్లిపోతుంది. అల్లకల్లోలం మాకు, ట్రైలరు మిగతా రాష్ట్రానికి.

ఇందులో మీ తెలివిని మాత్రం మెచ్చుకోవాలి. అల్పపీడనం ముదిరి వాయుగుండమై, అదింకా ముదిరి సుడిగాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుపాను అంటారు. అప్పుడే పేరు పెడతారు. పేర్లకేం కొదవ లేదు. 13 దేశాలు కలిసి తలా 13 చొప్పున 2020లో 169 పేర్లతో జాబితా సిద్ధం చేసి పెట్టాయి. అంతకుముందు జాబితాలోదే, 2014లో విశాఖను పీకి పందిరేసిన హుద్‌హుద్. ఆ పేరు ఒమాన్ ఇచ్చింది. అదొక పిట్ట పేరట! పిట్ట పేరు పెట్టుకున్నదానికి కూడా సెలవులు, కంట్రోల్ రూములు, హెలికాప్టర్లో మంత్రిగారి పర్యటన. మీరేమో ఎక్కడో తమిళనాడు దగ్గర ఒక అల్పపీడనాన్ని కూర్చోబెట్టి, దాని చాటున ఇక్కడ వారం రోజులు 50 దగ్గర వీస్తారు. ట్యాక్సు పడే అంకెకి రెండు రూపాయలు తక్కువ బిల్లు రాసే వ్యాపారిలా, 62 దాటరు గాక దాటరు.

దాని ఫలితం మా పిన్ని చూసింది. కిందటేడు కార్తీకంలో మీ ధాటికి కెరటం లోపలికి తోసుకొచ్చి ఆవిడ ఇంటి వెనక గోడ కూలింది. కాగితాలు పట్టుకుని ఇద్దరం ఒక ఆఫీసుకి వెళ్లాం. ఫారంలో "విపత్తు పేరు" అని ఒక గడి ఉంది.

"ఏ తుపానండి?" అన్నాడు గుమాస్తా.

"తుపాను కాదండి, గాలి."

"ఏ గాలండి?"

"తూర్పుగాలండి."

"ఆయ్, గాలి అని రాస్తే కాగితం గాలికే పోద్దండి. మొన్నటి తుపాను పేరు వేసేసుకోండి. తేదీ కాస్త వెనక్కి జరుపుదాం."

మంచివాడే పాపం. పిన్నే ఒప్పుకోలేదు. "ఆ తుపానుకి నా గోడ పడలేదు బాబూ. చెయ్యని తప్పు దాని మీదెందుకు వెయ్యడం?" అని ఫారం మడిచి బొడ్లో దోపుకుని వచ్చేసింది. తుపాను మీద కూడా అబద్ధం ఆడని మనిషి. గోడ ఉండే చోట ఇప్పుడు నీలం టార్పాలిన్ ఉంది. రాత్రంతా దాన్ని టపటప వాయించేది మీరే.

బయటివాళ్లకి ఈ గోడు అర్థం కాదు. 50 కిలోమీటర్ల గాలికే ఇంత రభసా, మా ఊళ్లో బస్సు అంతకన్నా వేగంగా పోతుంది అంటారు. బస్సు మా ఇంటి మీదుగా ఆరు రోజులు ఆగకుండా పోదు కదా. కెరటం ఎంత లేస్తుందన్నది గాలి వేగం ఒక్కటే తేల్చదు. ఎంతసేపు వీచింది, ఎంత మేర నీళ్ల మీదుగా వచ్చింది, అవీ కావాలి. బంగాళాఖాతంలో మీకు మేరకేం లోటు? తీరికకి అసలే లోటు లేదు. రోజుల తరబడి నీళ్లని ఒడ్డుకే నెడుతూ ఉంటే సముద్రం మట్టం ఇక్కడ కాస్త పైకి లేచి కూర్చుంటుంది. దానికి పున్నమి పోటో అమావాస్య పోటో తోడైతే చెప్పక్కర్లేదు. కెరటం రాళ్ల మీద నుంచి ఎగిరి రోడ్డు మీద పడుతుంది. పోలీసులు అడ్డం పెట్టేస్తారు. కాకినాడలో పనున్నవాళ్లం పిఠాపురం మీదుగా ప్రదక్షిణం చేసి వెళ్లాలి.

అలా మీరు వెళ్తూ వెళ్తూ ప్రతిసారీ ఇంత ఇసుక పట్టుకుపోతారు. మా తాతగారి పెరట్లో కొబ్బరి చెట్లు ఉండే చోట ఇప్పుడు వల వేస్తున్నారు. ఆ స్థలం పట్టా మాత్రం మా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది, హద్దులతో సహా. తూర్పు: సముద్రం. ఇప్పుడు నాలుగు దిక్కులా అదే రాసుకోవాలి. ఆపడానికి జనం చేతనైంది చేశారు. బండరాళ్లు పోశారు. ఇసుక కూరిన జియోట్యూబులు వేశారు, కొండచిలువలు వరసగా పడుకున్నట్టు. మీరు ఓపిగ్గా వాటి పొట్టలు చీల్చి లోపలి ఇసుక కూడా తీసుకెళ్లారు. ఎంతైనా లెక్క పక్కా మనిషి.

దాత కూడా! 2020 నవంబర్లో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఎక్కడ పుదుచ్చేరి, ఎక్కడ ఉప్పాడ. అయినా కెరటాలు ఇక్కడికొచ్చి ఒడ్డు కోశాయి, ఆ కోసిన ఇసుకలో బంగారు రజను కనిపించింది. ఆడా మగా పిల్లా జెల్లా అంతా దువ్వెనలు, పుల్లలు పట్టుకుని ఒడ్డు మీద వాలిపోయారు. నేనూ వెళ్లాను, దాచడమెందుకు. రెండు పూటలు ఇసుక జల్లిస్తే ఆవగింజలో సగం దొరికింది. ఎప్పుడో మునిగిపోయిన ఇళ్లవీ గుళ్లవీ అని పెద్దవాళ్లు అంటారు. అంటే ఇల్లు మింగి, అందులోని ముక్కుపుడకని నలగ్గొట్టి, కాసింత మనకే ఈనాం ఇవ్వడం. కెమెరాలు అప్పుడొచ్చాయి. గోడ పడ్డప్పుడు రాలేదు.

ఇంతసేపూ గారూ మీరూ అన్నాను. తుప్పు సంగతికి వచ్చాక ఇక నా వల్ల కాదు. నువ్వు మా ఇంట్లో చెయ్యి పెట్టని ఇనప వస్తువు ఉందా? గేటు మడతబందులు తిన్నావు. సైకిలు చైను తిన్నావు. ఫ్రిజ్జు అడుగు చిల్లులు పడి దాని కింద ఇటుకలు పెట్టాం. తాళంలో కొబ్బరినూనె పొయ్యనిదే చెవి తిరగదు. అద్దం తుడిచిన గంటకే మళ్లీ జిడ్డు, నాలికతో చూస్తే ఉప్పన. డబ్బాలో ఉప్పేమో నీళ్లు కారిపోతుంది. కూరలో వెయ్యడానికి లేని ఉప్పు కళ్లజోడు మీద మాత్రం ఉంటుంది!

పిన్ని ఎండబెట్టిన నెత్తళ్ల చేపలు చూశావా? బాగా ఎండితే బుట్టలో వేస్తుంటే గలగలమని చప్పుడు రావాలి. నీ చెమ్మకి నాలుగు రోజులు తిరగేసినా మెత్తగా, చేతికి అంటుకుంటూ, ఐదో రోజుకి వాసన మారింది. కూరకి అమ్మాల్సినవి కోళ్లదాణాకి పోయాయి, వాడిచ్చిన ధరకి. బోట్లు ఒడ్డున బోర్లా. వేట నిషేధమంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, ఒక లెక్క ఉంది, ముందే తెలుస్తుంది, జనం అప్పు కూడా దానికి తగ్గట్టే చేస్తారు. నీకు క్యాలెండరు లేదు. ఎప్పుడొస్తావో, ఎన్నాళ్లుంటావో, పిలవని చుట్టానివి. సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని మా దగ్గర కెరటం ఎన్ని మీటర్లు లేస్తుందో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ముందే చెప్పబట్టి సరిపోతోంది. నీ నోటితో నువ్వు ఒక్కసారైనా చెప్పావా?

కాకినాడ జోలికి మాత్రం అంతగా వెళ్లవు. వాళ్లకి ఎదురుగా హోప్ ఐలండ్ అడ్డం పడుకుని ఉంది, గోదావరి తెచ్చిన ఇసుకతో పేరుకున్న దిబ్బ. దాని చాటున వాళ్ల ఓడరేవు చల్లగా ఉంటుంది. కొంచెం ఉత్తరంగా ఉన్నాం కదా అని ఆ కోపమంతా మా మీద చూపిస్తావు. పెద్దవాడి ఇంటి ముందు తల వంచుకుని వెళ్లి, పక్క సందులో మీసం తిప్పేవాళ్లని మా ఊళ్లో ఏమంటారో ఉత్తరంలో రాయను.

ఇదంతా రాశాక మే నెల గుర్తొచ్చింది. కాబట్టి మళ్లీ గారు అంటున్నాను.

అయ్యా, ఎండాకాలంలో పడమటి గాలి పెత్తనం చేసి తమరిని ఒడ్డు దాటనివ్వని రోజులుంటాయి. అప్పుడు ఈ సముద్రం పక్కనే కూర్చుని మేము పెనం మీద అట్టులా మాడుతాం. మధ్యాహ్నం మూడింటికి అరుగు మీద చేరి కొబ్బరాకు కదిలిందా లేదా అని చూస్తాం. కదిలితే "అదిగో, సముద్రపు గాలి వచ్చేసింది" అని పిన్ని పైట వదులు చేసుకుని నిట్టూరుస్తుంది. గోడ పడగొట్టింది తమరేనని తెలిసీ. కనుక ఆ నెలలో తప్పకుండా దయచేయండి. ఇప్పుడు మాత్రం నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లి రండి. నెత్తళ్లు ఎండనివ్వండి.

ఉంటాను. పెరటి తలుపు గడియ తుప్పు పట్టి పడటం లేదు, తాడు కట్టుకోవాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
బీచ్ రోడ్డు వార, ఉప్పాడ

తా.క.: దీనికి స్టాంపు అంటించలేదు. డాబా మీద పెడుతున్నాను, తమరే పట్టుకెళ్లండి. తమరు వీచే దిక్కు చూస్తే ఇది తమ దగ్గరికి రాదు, పిఠాపురం పొలాల్లో పడుతుంది. ఇంతకుముందు రాసిన అర్జీలు కూడా అటే వెళ్లాయి.